ఆత్మహత్య, సంస్కృతి, నివారణ: ఉప్పల్–నాచారం దారి నుంచి ఒక చరిత్ర పాఠం



ఈ పుస్తకంలోని మిగతా పాఠాల్లాగా దీన్ని ఒక్క బిగిన చదవనవసరం లేదు. విషయం బరువైనది. మీ ఇంట్లోనో, మీ స్నేహితుల్లోనో ఇటువంటి మరణం జరిగి ఉండవచ్చు. మీకే ఎప్పుడైనా బతకాలనిపించని రోజులు వచ్చి ఉండవచ్చు, ఇప్పుడూ ఉండవచ్చు. అటువంటప్పుడు పుస్తకం మూసి 14416 కు ఫోన్ చేయండి. అది ‘టెలి మానస్’ అనే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు తీసుకోరు. పాఠం తరువాతైనా చదువుకోవచ్చు.

చరిత్ర పుస్తకంలో ఆత్మహత్యకు చోటేమిటని మీరు అడగవచ్చు. అది మనోవైద్యుల విషయం కాదా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా కాకతీయుల గురించి, నిజాం రాజ్యం గురించి పాఠాలు చెప్పిన నాకు ఈ ప్రశ్న తరగతి గదిలో కాదు, నాచారంలో ఒక సందులో ఎదురైంది.

రెండు పుస్తకాలు

1990ల చివరి మాట. ఆదివారం కాంటాక్టు క్లాసులకు నాచారం పారిశ్రామికవాడ నుంచి ఒక విద్యార్థి వచ్చేవాడు. వయసు ముప్పై దాటింది. పగలు ఒక ఇంజినీరింగ్ షెడ్డులో పని, రాత్రి చదువు. నా దగ్గర రెండు పుస్తకాలు అడిగి తీసుకున్నాడు. కొన్నాళ్ళకు షెడ్డు మూతపడింది. అయినా క్లాసుకు వస్తూనే ఉన్నాడు. ఒక ఆదివారం క్లాసయ్యాక మెట్ల దగ్గర ఆగి, అట్టలు వేసిన ఆ రెండు పుస్తకాలూ నా చేతిలో పెట్టి, “ఇగ వీటితోని పని లేదు సార్” అన్నాడు. “పరీక్షలయ్యాక ఇద్దువుగానిలే” అన్నాను. అంటూనే తీసుకున్నాను. బస్సుకు వేళవుతోందని నా తొందర నాది.

నెల తరువాత అతని ఇంటికి పరామర్శకు వెళ్ళాను. గుండెపోటన్నారు. ముప్పై రెండేళ్ళకే గుండెపోటేమిటని నేను అడగలేదు, అక్కడున్న నలుగురిలో ఎవరూ అడగలేదు. బస్‌స్టాపు దాకా నాతో నడిచి వచ్చిన అతని తమ్ముడు మాత్రం గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. “చెల్లె సంబంధం నడుస్తున్నది సార్. బయటికి తెలిస్తే ఎట్ల?” అన్నాడు. పోలీసులొస్తారన్న భయం వేరే ఉంది.

నాకు రెండు విషయాలు ఆలస్యంగా తెలిశాయి. తనకు ఇష్టమైన వస్తువులు తిరిగి ఇచ్చేయడం, పంచిపెట్టడం, ఇక వీటితో పని లేదనడం ఒక హెచ్చరిక అని వైద్యులు చెబుతారు. అది మొదటిది. రెండోది చరిత్రకారుడిగా తెలిసింది. ఆ ఒక్క మరణానికి ఆ సందులో ఒక పేరు, తమ్ముడి నోట మరో పేరు. సర్కారు కాగితంలో ఏ పేరుందో నేను చూడలేదు. ఒక మరణానికి ఎవరు ఏ పేరు పెడతారు, ఎందుకు పెడతారు, ఆ పేరు వల్ల బతికున్నవాళ్ళకు ఏమవుతుంది? ఈ పాఠంలో మనం పరిశీలించేది ఇదే. సంస్కృతి అంటే పండుగలు, కట్టూబొట్టూ మాత్రమే కాదు. ఇటువంటి పేర్లు పెట్టే పద్ధతి కూడా సంస్కృతే.

శాసనాలు ఏం చెప్పాయి, ఏం దాచాయి

ఉప్పల్ నుంచి తూర్పుగా వెళ్ళే రోడ్డు వరంగల్ రోడ్డు. ఆ దారిన వెళితే వచ్చే ఓరుగల్లు కోట 1323లో ఢిల్లీ సైన్యాల వశమైంది. ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తరలించారు. ఆయన ఎలా మరణించాడు? ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం ఆయన దారిలో నర్మదా తీరాన మరణించాడని చెప్పి ఊరుకుంటుంది. ఒక శతాబ్దం తరువాత, 1423లో, రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఆయన తన ఇచ్ఛతోనే దేవలోకానికి వెళ్ళాడన్న అర్థం వచ్చేలా చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివి, ఓటమి అవమానం భరించలేక ఆయన ప్రాణం తీసుకున్నాడని చరిత్రకారులు ఊహించారు.

నేను ఈ శాసనాలను ఎన్నో ఏళ్ళు పాఠంగా చెప్పాను. ‘ఇచ్ఛతో వెళ్ళాడు’ అన్న మాటలోని మెత్తదనం నాచారం నుంచి తిరిగి వచ్చాకే నాకు పట్టుబడింది. రాజుకు శాసనకర్త చేసిన పనినే ఆ సందులోని జనం తమ మనిషికి చేశారు. పోయినవాడి పరువు కాపాడే మాట వెతికి పెట్టారు.

అదే రెడ్డి రాజుల కాలంలో శ్రీశైలంలో మరో రకం పేరు కనిపిస్తుంది. అక్కడి మల్లికార్జునాలయంలో 14వ శతాబ్దిలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం ఉంది. వీరభక్తులు శివునికి తమ అవయవాలను, తలను సైతం అర్పించుకున్న చోటు అది. దాన్ని ఎవరూ ఆత్మహత్య అనలేదు, వీరత్వమన్నారు. రాజు మండపం కట్టించాడంటే సమాజం గౌరవించిందనే అర్థం. మరోవైపు మనుస్మృతి (5వ అధ్యాయం) తమను తాము త్యజించుకున్నవారికి ఉదకక్రియలు చేయకూడదంటుంది. ఒకే సంస్కృతి ఒక చావుకు మండపం కట్టి, మరో చావుకు నీళ్ళు కూడా వదలొద్దంది. ‘భారతీయ సంస్కృతి ఆత్మహత్యను ఒప్పుకోదు’ అని గానీ, ‘మన సంస్కృతే చావును కీర్తిస్తుంది’ అని గానీ ఒక్క వాక్యంలో తేల్చే జవాబు పత్రాలకు నేను మార్కులు తగ్గించేవాణ్ణి. ఇప్పుడు కారణం చెబుతున్నాను.

స్త్రీల విషయానికి వస్తే ఊరూరా ఉన్న పేరంటాళ్ళ గుళ్ళను చూడాలి. అగ్నిలో ప్రవేశించిన, అకాలంగా పోయిన స్త్రీలను దేవతలుగా కొలవడం తెలుగు నేల మీద పాత ఆచారం. కృష్ణా తీర ప్రాంతంలోని పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ మీలో చాలామందికి తెలుసు. అత్తింట నిందలు మోసిన కోడలు, భర్త గోపయ్యను పులి చంపాక యోగాగ్నిలో కలిసిపోయి దేవత అయిందని కథనం. భక్తిని ప్రశ్నించడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. చరిత్ర విద్యార్థిగా ఒక్కటి గమనించండి. బతికున్నప్పుడు ఆమె మాట నమ్మినవాళ్ళు లేరు. పోయాక ఊరంతా మొక్కింది. ఆడపిల్ల బాధను ఆమె పోయాకనే వినే అలవాటు కథల్లో పుట్టిందో, ఇళ్ళలో పుట్టి కథల్లోకి వెళ్ళిందో మీరే ఆలోచించండి. 1983లో భారత శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షన్‌ను, 1986లో వరకట్న మరణాల కోసం 304-బి సెక్షన్‌ను చేర్చవలసి వచ్చిందంటే ఆ అలవాటు మన కాలం దాకా వచ్చిందనే కదా.

నేరం అన్న పేరు

1860 నాటి భారత శిక్షాస్మృతి ఈ పేర్లన్నింటి మీదా మరో పేరు రాసింది. అదే నేరం. 309వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషికి ఏడాది వరకు సాధారణ జైలుశిక్ష పడవచ్చు. ఇది ఇంగ్లండు నుంచి వచ్చిన ఆలోచన. అక్కడ ఇటువంటి మరణాన్ని రాజు మీద, దేవుని మీద చేసిన నేరంగా చూసేవారు. నిజాం రాజ్యానికి సొంత చట్టాలుండేవి కాబట్టి ఉప్పల్, నాచారం ఊళ్ళకు ఈ శిక్షాస్మృతి 1951లో గానీ రాలేదు. ఇంగ్లండు 1961లో ఆ నేరాన్ని రద్దు చేసుకుంది. మనం మాత్రం పట్టుకు కూర్చున్నాం. 1971లో లా కమిషన్ తొలగించమంది. 1980ల చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ సెక్షన్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. 1994లో సుప్రీంకోర్టు చెల్లదన్నది. 1996లో అదే సుప్రీంకోర్టు మరింత పెద్ద ధర్మాసనంతో చెల్లుతుందన్నది.

శిక్ష పడినవారు తక్కువే. అసలు నష్టం వేరే చోట జరిగింది. ఆసుపత్రికి తెచ్చిన మనిషిని ముందు ‘ఎం.ఎల్.సి. కేసు’ అని రాసేవారు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు చేర్చుకోవడానికే జంకేవి. ఇంటివాళ్ళు ‘పొరపాటున జరిగింది’ అని చెప్పేవారు. పొరపాటని రాశాక ఆ మనిషిని మనసు వైద్యుడికి చూపించే అవసరమే ఉండదు! గాయానికి మందు వేసి ఇంటికి పంపేవారు. ఒకసారి ప్రయత్నించి బతికినవారికి మళ్ళీ ప్రమాదం ఎక్కువని తెలిసి కూడా, చట్టం వల్ల వాళ్ళు మన కళ్ళ ముందే కనిపించకుండా పోయారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని తలకిందులు చేసింది. దాని 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. అంతేకాదు, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఆ చట్టం 2018లో అమల్లోకి వచ్చింది. 2024 జులై 1న భారతీయ న్యాయసంహిత వచ్చినప్పుడు పాత 309 సెక్షన్ అందులో చోటు పొందలేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణ నుంచి అడ్డుకోవడానికో, ఏదైనా పని చేసేలా ఒత్తిడి తేవడానికో అలా ప్రయత్నిస్తే మాత్రం 226వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే. ఈ మార్పులు పల్లెల్లోనే కాదు, నగరంలోనూ చాలామందికి తెలియవు. ఇప్పటికీ ‘కేసవుతుంది’ అన్న భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తెచ్చేవాళ్ళున్నారు. ఈ పాఠంలో ఒక్క పేరా గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకుని మీ వీధిలో చెప్పండి.

అప్పు గడప దగ్గర కూర్చున్నప్పుడు

అప్పుకూ చావుకూ ఉన్న సంబంధం మన దేశంలో విచిత్రమైనది. పూర్వం అప్పిచ్చినవాడు బాకీదారు గుమ్మం ముందు ‘ధర్నా’ కూర్చునేవాడు. తాను అన్నం మాని కూర్చుంటే ఆ పాపం బాకీదారుకు తగులుతుందన్న భయమే వసూలు సాధనం. 1860 శిక్షాస్మృతిలోని 508వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ అచ్చంగా ఇదే. ఇవాళ మనం రోడ్ల మీద చేసే ధర్నాకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. తరువాతి కాలంలో వరస తిరగబడింది. అప్పిచ్చినవాడు గడప దగ్గర కూర్చుంటే చచ్చిపోతున్నది బాకీదారు. ఏ కాలంలోనైనా పనిచేసిన ఆయుధం ఒకటే, నలుగురి ముందు పరువు.

1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి పంటను లద్దెపురుగు తినేసినప్పుడు వరసగా జరిగిన రైతుల మరణాలు దేశమంతా చర్చ రేపాయి. ఎక్కువమంది కాగితాల్లో లేని అప్పులు తెచ్చినవారు. విత్తనాలు, మందులు అమ్మే దుకాణదారే అప్పిచ్చేవాడు కూడా. అప్పటి నుంచి ఎందరో వరంగల్, నల్లగొండ పల్లెలు వదిలి ఇదే రోడ్డున ఉప్పల్ చేరారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర హనుమకొండ బస్సు దిగి, నాచారం, మల్లాపూర్ షెడ్లలో హెల్పర్లుగా, వాచ్‌మన్లుగా, ఆటో డ్రైవర్లుగా కుదిరారు. నా విద్యార్థుల్లో చాలామంది వాళ్ళ పిల్లలే.

2004 జూన్ 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. మరణించిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు. మంచి ఉత్తర్వే. కానీ సాయం అందాలంటే అది ‘నిజమైన రైతు ఆత్మహత్య’ అని అధికారుల కమిటీ తేల్చాలి. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం నివేదిక, పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు కావాలి. నోటిమాట మీద కౌలు చేసినవాడికి పాసుపుస్తకం ఎక్కడిది? పొలం మామగారి పేరున, పని కోడలి చేతిలో ఉన్న ఇంట్లో ఆ కోడలు పోతే ఆమెను రైతు అని ఎవరు రాస్తారు? నాచారం కుటుంబం మరణం పేరు దాచవలసి వస్తే, ఈ కుటుంబాలు అదే పేరును కార్యాలయం చుట్టూ తిరిగి నిరూపించవలసి వచ్చింది. రెండూ దుఃఖం మీద పడిన భారమే.

2018 ఆగస్టులో తెలంగాణలో మొదలైన రైతుబీమాను ఈ కోణంలో చూడండి. పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ళ రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి. కారణం అడగరు. ఎలా పోయాడో వితంతువు నిరూపించనక్కరలేదు, దాచనూ అక్కరలేదు. కౌలురైతును ఇదీ వదిలేసింది, అది పెద్ద లోపం. కానీ ‘ఏ కారణంతోనైనా’ అన్న మాట వెనుక ఎన్ని ఏళ్ళ అనుభవం ఉందో చరిత్ర చదివినవారికి తెలుస్తుంది.

పరువునే తాకట్టుగా వాడుకున్న మరో వ్యవహారం సూక్ష్మరుణాలది. పదిమంది ఆడవాళ్ళు గుంపుగా పూచీ పడతారు. ఒకరు వాయిదా కట్టలేకపోతే మిగతా వాళ్ళే ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. పాత ధర్నా కొత్త రూపంలో వచ్చింది. మరణాలు పెరిగాయన్న ఆందోళన మధ్య 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలని, వారంవారం కాక నెలకోసారే జరగాలని, బలవంతం కూడదని చెప్పింది. దానివల్ల రుణాలు అందడం ఆగిపోయిందని ఆర్థికవేత్తలు చేసిన విమర్శలోనూ నిజముంది. అయితే వసూలును గడప మీది నుంచి తప్పించడం ప్రాణాలకు సంబంధించిన విషయమని ఒక చట్టం గుర్తించింది. నాకు ముఖ్యంగా కనిపించేది అది.

పదేళ్ళు గడిచేసరికి గడప ఫోన్లోకి వచ్చింది. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల మీద పోలీసులు వరసగా కేసులు పెట్టారు. అప్పు ఇచ్చేటప్పుడే ఫోన్లోని నంబర్లన్నీ తీసుకుని, వాయిదా తప్పితే బంధువులందరికీ ‘వీడు దొంగ’ అని పంపడం వాళ్ళ పద్ధతి. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాల మార్గదర్శకాలిస్తూ యాప్‌లు కాంటాక్టుల జాబితా జోలికి పోకూడదంది. మీలో ఎవరైనా ఇటువంటి వేధింపుల్లో ఉంటే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. సిగ్గుపడవలసినది మీరు కాదు.

నాలుగు ఊళ్ళ లెక్క

నివారణ అనగానే ‘మనసు మారాలి, విలువలు పెరగాలి’ అని ఉపన్యాసం చెప్పడం మనకు అలవాటు. ఖమ్మం జిల్లా పునుకులలోను, వరంగల్ ప్రాంతపు ఏనెబావిలోను రైతులు 2000ల మొదటి దశాబ్దంలో మరో పని చేశారు. పురుగుమందులు వాడటం మానేశారు. ఖర్చు తగ్గాలని, అప్పు తగ్గాలని, ఆరోగ్యం బాగుండాలని మానేశారు. అటువంటి సాగుకు మారిన నాలుగు ఆంధ్రప్రదేశ్ గ్రామాలను, మారని నాలుగు గ్రామాలతో పోల్చి చెన్నై మనోవైద్యురాలు లక్ష్మీ విజయకుమార్, సహ పరిశోధకుడు కలిసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. మందులు మానిన ఊళ్ళలో అంతకుముందు 14 ఆత్మహత్యలు నమోదు కాగా, మానిన తరువాత 3 మాత్రమే జరిగాయి. చిన్న అధ్యయనమే, దాన్ని బట్టి దేశమంతటికీ లెక్క కట్టలేం. కానీ శ్రీలంక అనుభవం కూడా అదే చెబుతుంది. అక్కడ అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి దశలవారీగా నిషేధించాక, సుమారు ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంటల దిగుబడి పడిపోలేదు.

దీని వెనుక ఉన్న సంగతి సామాన్యమైనది. చాలామందిలో ఆ ఘడియ కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు ప్రాణాంతకమైన వస్తువు చేతికందకపోతే మనిషి మిగులుతాడు. ‘చావాలనుకున్నవాణ్ణి ఎవరాపుతారు’ అని మనవాళ్ళు అంటుంటారు. అది తప్పు. బతికి బయటపడినవారిలో అత్యధికులు ఆ దారిన మళ్ళీ మరణించలేదు.

‘అమరుడు’ అన్న పేరు

ఈ భాగం రాయడానికి నాకు సంకోచమే. నాచారం నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎంతో దూరం లేదు. ఉప్పల్ నుంచి ఎల్.బి.నగర్ కూడా అంతే. 2009 నవంబరు తరువాత తెలంగాణ ఉద్యమకాలంలో ఈ రెండు చోట్లా యువకులు తమ ప్రాణాలు తామే తీసుకున్నారు. వాళ్ళను సమాజం అమరులంది. 1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షలో మరణించిన పొట్టి శ్రీరాములును అమరజీవి అన్న నేల ఇది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1897లో, సమూహంలో తనను తాను మరిచిపోయినంతగా కలిసిపోయినవారి మరణాలను ఒక ప్రత్యేక రకంగా వేరుచేశాడు.

వాళ్ళ త్యాగాన్ని తక్కువ చేయడానికి నాకు నోరు రాదు. వాళ్ళ తల్లుల ముందు ఎవరికీ రాకూడదు. కానీ ఆ రోజుల్లోనే కవులు, కళాకారులు, ఉద్యమ నాయకులు సభల్లో నిలబడి ‘చావొద్దు, బతికి కొట్లాడుదాం’ అని బతిమాలారన్నది కూడా మన చరిత్రే. ఒక మరణాన్ని కీర్తించే భాష మరో పిల్లవాడి చెవిలో ఎలా పడుతుందో వాళ్ళకు తెలుసు. స్మారకాలు కట్టుకున్నాం, సరే. ఆ విన్నపాలను కూడా పాఠ్యపుస్తకాల్లో రాసుకోవాలి.

పత్రికల భాషకూ ఇదే వర్తిస్తుంది. 1987లో వియన్నా నగరంలో పత్రికలు ఇటువంటి వార్తలు రాసే తీరును మార్చుకున్నాక సంఘటనలు గణనీయంగా తగ్గాయి. మన ప్రెస్ కౌన్సిల్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు సంచలన శీర్షికలు వద్దని, పద్ధతిని వర్ణించవద్దని చెబుతున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, 20 మందికి పైగా పిల్లలు పోయారు. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ పరిశీలించవలసి వచ్చింది. పత్రికలు పిల్లల ఫోటోలు వరసగా వేశాయి. ఉప్పల్, హబ్సిగూడ రోడ్లకు ఇరువైపులా ర్యాంకుల ఫ్లెక్సీలు ఆ వేసవిలోనూ వేలాడుతూనే ఉన్నాయి.

అంకెలను ఎలా చదవాలి

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. లక్ష జనాభాకు 12.4 మంది. తెలంగాణలో ఆ రేటు 26.3. దేశంలో చనిపోయినవారిలో దాదాపు 26 శాతం దినకూలీలు, ప్రతి పదిమందిలో ఏడుగురు మగవారు. కారణాల పట్టికలో ‘కుటుంబ సమస్యలు’ 31.7 శాతం, ‘అనారోగ్యం’ 18.4 శాతం.

ఈ పట్టికను శాసనం చదివినట్టే చదవండి. రాసింది ఎవరు? పంచనామా చేసిన పోలీసు అధికారి. చెప్పింది ఎవరు? దుఃఖంలో, భయంలో ఉన్న ఇంటివాళ్ళు. ‘కడుపునొప్పి భరించలేక’ అన్న వాక్యం ఎన్ని కోడళ్ళ కథలను మింగిందో లెక్క లేదు. మూతపడిన షెడ్డు, రాని జీతం, వదలని తాగుడు, ఇంట్లో గొడవ ఒకదాని వెంట ఒకటి వచ్చినప్పుడు అధికారి ఒక గడిలోనే టిక్కు పెట్టగలడు. కేరళ రేటు కూడా ఎక్కువే, 28.5. అక్కడి జనం మనకంటే బలహీనులా, లేక అక్కడ నమోదు మెరుగ్గా ఉందా? రెండోదానికీ అవకాశం ఉంది. నా విద్యార్థి ఏ గడిలో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో నాకు తెలియదు.

అడగడం

ఒకరిని నేరుగా ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకు భయం. ‘అశుభం పలకకు’ అని పెద్దలు నేర్పారు. పరిశోధనలు మాత్రం అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని, అడిగినవారికి చెప్పుకుని చాలామంది తేలికపడతారని చెబుతున్నాయి. అడిగాక తక్కువ మాట్లాడండి. ‘నీకేం తక్కువ?’, ‘పిల్లల మొహం చూడు’ వంటి మాటలు మనం ప్రేమతోనే అంటాం, కానీ అవి ఎదుటి మనిషి నోరు మూయిస్తాయి. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే ఒంటరిగా వదలకండి. ప్రమాదకరమైన వస్తువులు అందకుండా తీయండి. 14416 కు గానీ, అత్యవసరమైతే 108 కు గానీ ఫోన్ చేయండి.

వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళడంలో మనకు మరో అడ్డం ఉంది. హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది తిట్టు. అక్కడి మానసిక చికిత్సాలయం ఎందరినో బాగుచేసింది, అయినా ఊరి పేరే ఎగతాళి అయిపోయింది. అందుకే నేను నాచారం వాళ్ళకు ఎర్రగడ్డ పేరు ఎత్తకుండా, ముందు మీ ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికే వెళ్ళి నిద్ర పట్టడం లేదని చెప్పండి అంటాను. కార్డున్న కార్మికుడికి అది తెలిసిన గుమ్మం. నిద్ర దగ్గర మొదలైన మాట మిగతా చోట్లకు అదే వెళుతుంది.

చికిత్స తరువాత సంగతి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు నగరాల్లో చేయించి, 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. మరో జట్టుకు దానితోపాటు ఒక గంట మాట, తరువాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ‘ఎలా ఉన్నారు?’ అని పలకరింపు, అంతే. ఏడాదిన్నర తరువాత చూస్తే ఆత్మహత్యతో మరణించినవారు మొదటి జట్టులో 2.2 శాతం, రెండో జట్టులో 0.2 శాతం. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, ఖరీదైన మందులూ కావు. అటువంటి పలకరింపు మన ఊళ్ళలో ఒకప్పుడు అడగకుండానే దొరికేది అంటారు కొందరు. నేను అంత నమ్మను. ఊళ్ళో పలకరింపుతో పాటు ఆరా కూడా ఉండేది, అందుకే జనం దాచుకునేవారు. తొమ్మిదిసార్లు వచ్చిన ఆ ఆరోగ్య కార్యకర్త ఎవరికీ చెప్పదు. ఆ తేడా చిన్నది కాదు.

అసైన్‌మెంట్

మీ ఇంటికి వచ్చే తెలుగు దినపత్రికను వారం రోజులు చూడండి. ఇటువంటి వార్తల శీర్షికలు రాసుకుని, ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాల ప్రకారం వాటిని తిరగరాయండి. మీ ప్రాంతంలో ఈ మరణాలకు వాడే మాటలు, సామెతలు, దాచే తీరు గురించి పెద్దవాళ్ళతో మాట్లాడి రెండు పేజీలు రాయండి. పోయినవారి ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలు వేయకండి. ఎవరి పేరూ రాయకండి.

రాస్తున్నప్పుడు మీ మనసు బాగాలేకపోతే కాగితం పక్కన పెట్టి కౌన్సిలర్‌కో, మీ వాళ్ళకో చెప్పండి. ఈ పాఠానికి గడువు తేదీ పెట్టవద్దని నేను కోరాను. మీరు పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వస్తే, ఈసారి తీసుకునే ముందు కూర్చోమంటాను.